యుద్ధ విమానం బొమ్మతో బీచ్ టవల్ చేయించుకోవడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల బొమ్మలున్న బీచ్ టవళ్ళు ఆన్‌లైన్‌లో కుప్పలుగా దొరుకుతాయి. మేఘాల్లోంచి దూసుకొచ్చే బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్, సొరచేప పళ్ళ అమెరికన్ ఫైటర్ పి-40, అమెరికన్ బాంబర్ బి-17 ముక్కు మీద వయ్యారంగా కూర్చున్న అమ్మాయి. ఫొటోలో అన్నీ బాగానే ఉంటాయి. ఇంటికొచ్చాక చూస్తే 1940 నాటి విమానానికి 1944 నాటి చారలుంటాయి, లేదంటే నాలుగు ఉతుకులకే ఆకాశం వెలిసిపోతుంది. నచ్చిన బొమ్మ పంపితే ఒక్క టవలైనా ప్రింట్ చేసిచ్చే వాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు కాబట్టి, మీకు కావలసింది మీరే చేయించుకోవడం మేలు. పని కష్టమేమీ కాదు. సమయమంతా బొమ్మ ఎంచుకోవడానికే పడుతుంది. అక్కడ మాత్రం తొందరపడకండి.

ముందు విమానం తేల్చుకోండి

ఏదో ఒక ఫైటర్ చాలనుకుంటే అందరి దగ్గరా ఉన్న బొమ్మే మీ చేతికీ వస్తుంది. ఒక విమానం, ఒక స్క్వాడ్రన్ (వాయుసేన దళం), ఒక సంవత్సరం అని గిరి గీసుకోండి. తర్వాత ఏది తప్పో ఏది ఒప్పో పట్టుకోవడం తేలికవుతుంది.

తెలుగువాళ్ళు అడిగితే నేను మొదట చెప్పేది 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో హైదరాబాద్ పేరు పెట్టుకున్న దళాలు మూడున్నాయి: 110, 152, 253. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్-9ఏ బాంబర్ విమానాలు ఇచ్చింది నిజామే. ఆయన ఇచ్చిన విరాళాలకు గుర్తుగానే ఈ దళాలకు ఊరి పేరు వచ్చింది. (ఆ డబ్బులో మన రైతులు కట్టిన శిస్తు కూడా ఉందని మర్చిపోకూడదు.) 1940 వేసవిలో బ్రిటన్ ఆకాశంలో జరిగిన పోరులో 253 హరికేన్ ఫైటర్లు నడిపింది, 152 స్పిట్‌ఫైర్లు నడిపింది. 152 అప్పుడు డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి ఎగురుతూ పోర్ట్‌లాండ్ నౌకా స్థావరానికి కాపలా కాసింది. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. కింద సముద్రం, తెల్లటి సుద్ద కొండలు, పైన ఆ దళాన్ని గుర్తుపట్టే యూఎమ్ అక్షరాలున్న స్పిట్‌ఫైర్. బీచ్ టవల్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

అదే దళం తర్వాత బర్మా యుద్ధానికి వచ్చింది. అప్పటి దాని స్పిట్‌ఫైర్ మార్క్-8 రకం విమానాల మీద రౌండెల్ (వాయుసేన గుండ్రటి గుర్తు) మీదుగా దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. టవల్ మీద ఒక పెద్ద గుర్తు చాలనుకునేవారికి ఆ చిరుత దివ్యంగా సరిపోతుంది.

సొరచేప నోరు కావాలంటే 1941 చివర్లో బర్మాలో ఫ్లయింగ్ టైగర్స్ అనే అమెరికన్ వాలంటీర్ల దళం పి-40ల మీద వేసుకున్నది ఉండనే ఉంది. ఆ ఆలోచన వాళ్ళ సొంతం కాదు. ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ 112వ స్క్వాడ్రన్ విమానాల ఫొటో చూసి వేసుకున్నారు. ఆ బ్రిటిష్ వాళ్ళేమో జర్మన్ మెసర్‌ష్మిట్-110ల మీద చూసి వేసుకున్నారు. బాంబర్లే ఇష్టమైతే మెంఫిస్ బెల్ అనే బి-17 సంగతి ఆలోచించండి. జార్జ్ పెట్టీ పత్రికకు గీసిన అమ్మాయి బొమ్మ ఆధారంగా టోనీ స్టార్సర్ అనే సైనికుడు దాని ముక్కు మీద బొమ్మ వేశాడు. ఎడమవైపు అమ్మాయికి నీలం దుస్తులు, కుడివైపు ఎరుపు. మీ టవల్ మీద విమానం ఎటు తిరిగి ఉందో చూసుకుని రంగు సరిచూసుకోండి. అత్తమామలతో బీచ్‌కి వెళ్ళే కుటుంబమైతే మాత్రం సొరచేప పళ్ళే క్షేమం.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి కదా, ఆ దృశ్యం వేయించుకుంటే ఎలా ఉంటుందని అడిగేవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళ మీద పడ్డ బాంబులను పరుచుకుని పడుకోవడం నాకైతే రుచించదు. బంగాళాఖాతమే కావాలంటే 1971 డిసెంబర్‌లో విక్రాంత్ నౌక నుంచి లేచి చిట్టగాంగ్, కాక్స్ బజార్‌ల మీద దాడి చేసిన సీహాక్ జెట్ విమానాలు ఉన్నాయి. ఆ బొమ్మ వేయిస్తే వెనకాల జాతీయ జెండా మాత్రం పరచకండి. దిండ్లు, చేతిరుమాళ్ళు, నాప్‌కిన్ల మీద జెండా ముద్రించడం 1971 నాటి జాతీయ గౌరవ చట్టం ప్రకారం నేరం. టవల్ జోలికి అసలే పోవద్దు.

బొమ్మలో సంవత్సరం సరిగ్గా ఉందో లేదో చూడండి

అమ్మకానికి ఉన్న టవళ్ళలో ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి. విమానం మీద వేసిన గుర్తులు యుద్ధ కాలంలో పదేపదే మారాయి. అందుకే అవే మనకు తేదీ చెబుతాయి.

అమెరికా విమానమైతే నక్షత్రం చూడండి. 1942 మే దాకా నీలం వృత్తం, అందులో తెల్ల నక్షత్రం, దాని నడుమ ఎర్ర చుక్క. పసిఫిక్ యుద్ధంలో ఆ ఎర్ర చుక్కని జపాన్ వాళ్ళ ఎర్ర సూర్యుడని పొరబడి సొంతవాళ్ళే కాల్చే ప్రమాదం ఉందని ఆ మేలో తీసేశారు. 1943 జూన్ చివర్లో వృత్తానికి రెండు పక్కలా తెల్ల పట్టీలు చేర్చి చుట్టూ ఎర్ర గీత పెట్టారు. ఆ ఎరుపు కూడా తంటా తెచ్చేలా ఉందని సెప్టెంబర్‌లో గీతను నీలం చేశారు. కాబట్టి 1941 నాటి పెరల్ హార్బర్ దాడి అని పేరు పెట్టి, తెల్ల పట్టీలున్న అమెరికన్ విమానం చూపిస్తే ఆ చిత్రకారుడికి సంగతి తెలియదన్నమాట.

మన వైపు యుద్ధంలోనూ ఇదే కథ. ఇండియా, బర్మాల్లో ఎగిరిన బ్రిటిష్ విమానాల రౌండెల్ నుంచి ఎరుపు తీసేసి ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉంచారు. మన ఎయిర్‌ఫోర్స్ హరికేన్లకూ అంతే. నల్ల చిరుత స్పిట్‌ఫైర్‌కి ఎర్ర నడుమున్న రౌండెల్ వేసి ఉంటే ఆ బొమ్మ పక్కన పెట్టండి.

యూరప్ బొమ్మల్లో రెక్కల మీద, తోక ముందు నలుపు తెలుపు చారలుంటే అవి 1944 జూన్ నాటివి. జూన్ 6న నార్మండీలో దిగేముందు మిత్రపక్షాల విమానాలను సొంతవాళ్ళు గుర్తుపట్టాలని మూడు తెలుపు, రెండు నలుపు చారలు హడావిడిగా పూశారు. ఒక ఇంజన్ విమానాలకి ఒక్కో చార 18 అంగుళాలు. 1940 బొమ్మలో ఇవి కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు.

స్పిట్‌ఫైర్ ప్రొపెల్లర్ రెక్కలు లెక్కపెట్టండి. 1940 వేసవిలో మూడు. మార్క్-9కి నాలుగు, మార్క్-14కి ఐదు. ఈ మధ్య కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు విపరీతంగా వస్తున్నాయి. వాటిలో ప్రొపెల్లర్ రెక్కలు ఎటు పడితే అటు ఉంటాయి, స్క్వాడ్రన్ అక్షరాలు ఏ భాషకూ చెందని గీతల్లా ఉంటాయి. ఆ రెండు చోట్లా జూమ్ చేసి చూస్తే దొరికిపోతాయి.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. టవల్‌కి కుదరాలని ప్రింటర్లు బొమ్మను అద్దంలోలా తిప్పేస్తుంటారు. అక్షరాలు కనబడితే వెంటనే తెలిసిపోతుంది. కనబడకపోతే పొట్ట కింద చూడండి. 1940 నాటి స్పిట్‌ఫైర్‌కి కుడి రెక్క కింద పెట్టెలాంటి పెద్ద రేడియేటర్, ఎడమ రెక్క కింద చిన్న గొట్టంలాంటి ఆయిల్ కూలర్ ఉంటాయి. పైలట్ కుర్చీలో మీరు కూర్చున్నట్టు ఊహించుకుని కుడి ఎడమలు లెక్క కట్టండి. పెట్టె ఎడమకొస్తే బొమ్మ తిరగబడినట్టే.

జర్మనీలో ఉండేవాళ్ళకో మాట. అప్పటి జర్మన్ విమానాల తోక మీద నాజీ స్వస్తిక ఉంటుంది. ఆ గుర్తుని బహిరంగంగా ప్రదర్శించడం అక్కడ క్రిమినల్ చట్టం 86ఏ సెక్షన్ కిందకు వస్తుంది. కళ, చదువు వంటి వాటికి మినహాయింపులున్నాయి గానీ, బీచ్‌లో పరిచిన టవల్ కళ అని పోలీసులతో వాదించే టెన్షన్ మనకెందుకు? మన గడప మీద వేసే స్వస్తిక్ వేరని వాళ్ళకి అక్కడ నిలబడి వివరించడమూ తేలిక కాదు. ఆ తోక లేని కోణం ఎంచుకోండి.

బొమ్మ ఎవరిదో కనుక్కోండి

యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా తీసిన ఫొటోలు, గీసిన పోస్టర్లు ఆ దేశంలో అందరివీ. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో పెద్ద సైజు ఫైళ్ళు దొరుకుతాయి. బ్రిటన్‌లో 1957 జూన్ 1కి ముందు ప్రభుత్వం తరఫున తీసిన ఫొటోలకు కాపీరైట్ తీరిపోయింది. పెయింటింగుల లెక్క వేరు. బ్రిటన్‌లో చిత్రకారుడు పోయిన 70 ఏళ్ళ దాకా హక్కులుంటాయి, మన దేశంలో 60 ఏళ్ళు. బ్రిటిష్ యుద్ధ చిత్రకారులు పాల్ నాష్ 1946లో, ఎరిక్ రవీలియస్ 1942లో పోయారు కాబట్టి వాళ్ళ బొమ్మలకి ఆ గడువు దాటింది. కూలిన జర్మన్ విమానాల తుక్కును అలలు లేచిన సముద్రంలా నాష్ గీసిన బొమ్మ ఒకటి లండన్ టేట్‌లో ఉంది. నా దృష్టిలో బీచ్ టవల్‌కి దాన్ని మించిన యుద్ధచిత్రం లేదు. విమానాల చిత్రకారుడు ఫ్రాంక్ వూటన్ 1998లో పోయాడు, ఆయన బొమ్మలు ఇంకా కాపీరైట్‌లోనే ఉన్నాయి. ఇప్పుడు బతికున్న చిత్రకారుల సంగతి చెప్పక్కర్లేదు. నచ్చితే వాళ్ళకే రాసి అడగండి, ఒక్క టవల్‌కి చాలామంది కాదనరు.

మీరు తీసిన ఫొటో అయితే ఈ గొడవే లేదు. ఢిల్లీ పాలంలోని ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో స్పిట్‌ఫైర్, హరికేన్ ఉన్నాయి. ఫొటోలు తీసుకోనిస్తారో లేదో వెళ్ళినప్పుడు అడగండి.

నలుగురికీ అమ్మాలనుకుంటే మాత్రం జాగ్రత్త. రాయల్ ఎయిర్‌ఫోర్స్ రౌండెల్‌ని బ్రిటన్ రక్షణ శాఖ ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకుంది.

బొమ్మని టవల్ కొలతకు తేవడం

మామూలు బీచ్ టవల్ 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు. అంటే ఒకటికి రెండు. పెయింటింగులు, ఫొటోలు ఇంత పొడుగ్గా ఉండవు. విమానాన్ని సాగదీయకండి. దాని బదులు ఆకాశాన్ని పెంచండి. యుద్ధ విమానాల బొమ్మల్లో ఉన్న సుఖమిదే, పైన ఎంత ఆకాశం చేర్చినా ఎవరూ తప్పుపట్టరు. నిలువుగా కావాలంటే కిందికి దూకుతున్న విమానం, అడ్డంగా కావాలంటే పక్క నుంచి కనిపించే విమానం చూసుకోండి.

ఫైలు అంగుళానికి 150 చుక్కలుంటే సరిపోతుంది. అంటే 4500 బై 9000 పిక్సెల్స్. 100 దాకా దిగినా టవల్ మీద పెద్ద తేడా తెలియదు, ఎందుకంటే గుడ్డ నూగు మీద సన్నటి గీతలు ఎలాగూ నిలవవు. ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. స్పిట్‌ఫైర్ పొడవు సుమారు 30 అడుగులు, అంటే 360 అంగుళాలు. వెనక భాగంలో ఉండే సీరియల్ నంబర్ అక్షరాల ఎత్తు 8 అంగుళాలు. టవల్ మీద విమానం 50 అంగుళాలుంటే నంబర్ అంగుళం పైన వస్తుంది, చదవొచ్చు. విమానం 20 అంగుళాలే అయితే నంబర్ అర అంగుళం కూడా రాదు, మసక మచ్చలా మిగులుతుంది. కాబట్టి పది చిన్న విమానాల గుంపు కన్నా ఒక్క పెద్ద విమానం మేలు.

నాలుగు అంచుల్లోనూ రెండేసి అంగుళాలు ఖాళీ ఆకాశమో సముద్రమో ఉంచండి. అంచు కుట్టులో కొంత పోతుంది, ఉతికితే కొంత లాక్కుంటుంది. స్పిట్‌ఫైర్ మీది ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలు ఫోన్‌లో బ్రహ్మాండంగా కనిపించి గుడ్డ మీద బురదలా కలిసిపోతాయి. పంపేముందు ఆ రెండు రంగుల మధ్య తేడా కొంచెం పెంచండి.

గుడ్డ ఏది?

ఒక్క టవల్ ప్రింట్ చేసిచ్చే వాళ్ళందరూ దాదాపు సబ్లిమేషన్ పద్ధతి వాడతారు. కాగితం మీద అచ్చేసిన రంగుని సుమారు 200 డిగ్రీల వేడితో ఆవిరి చేసి గుడ్డలోకి ఎక్కిస్తారు. ఆ రంగు పాలిస్టర్‌కే పడుతుంది, కాటన్‌కి పట్టదు. అందుకే ఇలాంటి టవళ్ళలో బొమ్మ ఉన్న వైపు పాలిస్టర్, వెనక వైపు కాటన్ లూపులు ఉంటాయి. పూర్తిగా మైక్రోఫైబర్‌వీ ఉంటాయి. బొమ్మ పదునుగా వస్తుంది, రంగు ఏళ్ళ తరబడి పోదు. కానీ ఒళ్ళు తుడుచుకోవాలంటే వెనక వైపు తిప్పాలి. ఇందులో తెల్ల సిరా ఉండదు, మేఘాల తెలుపు గుడ్డ తెలుపే. కాబట్టి గుడ్డ తెల్లగా ఉందో, పాలరంగులో ఉందో ముందే అడగండి.

కాటన్ వెలోర్ (లూపులు కత్తిరించి మెత్తగా చేసిన టవల్ గుడ్డ) మీద, కాటన్‌కి పట్టే రియాక్టివ్ రంగులతో వేయిస్తే చేతికి మెత్తగా, ఒంటికి హాయిగా ఉంటుంది. నీళ్ళు పాలిస్టర్ కన్నా బాగా పీలుస్తుంది. ఖరీదు ఎక్కువ, ఒక్కటి చేసేవాళ్ళు తక్కువ, ఎండకీ ఈతకొలను క్లోరిన్‌కీ త్వరగా వెలుస్తుంది. రోజూ వాడేదైతే నేను ఇదే తీసుకుంటాను. గోడకి తగిలించేదైతే పాలిస్టర్.

క్లబ్బుకో, స్నేహితుల బృందానికో కట్టలుగా కావాలంటే మూడో దారి ఉంది, జకార్డ్ నేత. ఇందులో అచ్చు ఉండదు, రెండు రంగుల దారాలతో బొమ్మే నేసేస్తారు. వెనక్కి తిప్పితే రంగులు తారుమారై కనిపిస్తాయి. పెయింటింగ్ రాదు గానీ చిరుత, సొరచేప పళ్ళు, రౌండెల్ అద్భుతంగా వస్తాయి, గుడ్డ చిరిగేదాకా పోవు. టెర్రీ టవళ్ళకి పేరున్న సోలాపూర్‌లో తెలంగాణ నుంచి వెళ్ళి స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఈ పనిలోనే ఉన్నాయి. బేరం తెలుగులోనే ఆడొచ్చు.

పార్సిల్ వచ్చాక

వంటింటి త్రాసు మీద పెట్టండి. 75 బై 150 సెంటీమీటర్ల టవల్ వైశాల్యం 1.125 చదరపు మీటర్లు. 400 జీఎస్ఎం (చదరపు మీటరుకు 400 గ్రాములు) అని చెప్పి పంపితే బరువు 450 గ్రాములుండాలి. 340 తూగితే ఇచ్చింది 300 జీఎస్ఎం. డబ్బు వెనక్కి అడగడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు, త్రాసు ఫొటో తీసి పంపండి.

తర్వాత తెల్ల రుమాలు తడిపి బొమ్మలో ముదురు రంగున్న చోట పదిసార్లు గట్టిగా రుద్దండి. కాస్త రంగు అంటితే కంగారొద్దు, మొదటి ఉతుకులో పోతుంది. రుమాలు నీలంగా మారితే వెనక్కి పంపండి. చివరిగా టవల్‌ని వేలి మీద వంచి నూగు విడదీసి చూడండి. లోపల తెల్ల గీత బాగా కనబడితే రంగు పైపైనే ఉన్నట్టు. కొద్దిగా కనబడటం సబ్లిమేషన్‌లో మామూలే.

వాడకం, ఉతుకు

మొదటిసారి విడిగా చల్లనీళ్ళలో ఉతకండి. కంఫర్ట్‌లాంటి ద్రవాలు వేయకండి, అవి దారం మీద పొరలా పట్టుకుని నీళ్ళు పీల్చనివ్వవు. బ్లీచింగ్ అసలొద్దు.

బీచ్‌లో ఇసుక అంటుకుంటే తడిగా ఉన్నప్పుడు దులపకండి, ఇంకా లోపలికి పోతుంది. పూర్తిగా ఆరాక దులిపితే రాలిపోతుంది. ఇంటికి రాగానే ఉప్పునీళ్ళు పోయేలా మంచినీళ్ళలో జాడించి, బొమ్మ లోపలి వైపు ఉండేలా తిరగేసి నీడలో ఆరేయండి. డాబా మీద మధ్యాహ్నం ఎండలో రోజంతా వదిలేస్తే కాటన్ టవల్ ఒక వేసవికే పాత ఫొటోలా అయిపోతుంది. పాలిస్టర్ దాని మీద వేడి ఇస్త్రీ పెట్టకూడదు. ఏ వేడితో రంగు ఎక్కిందో అదే వేడికి మళ్ళీ లేచి పక్క గుడ్డకి అంటుతుంది.

సన్‌స్క్రీన్ మరకల గురించి మాత్రం తప్పక తెలుసుకోండి. చాలా సన్‌స్క్రీన్లలో అవోబెంజోన్ ఉంటుంది. అది నీళ్ళలోని ఇనుముతో కలిస్తే తుప్పు రంగు మచ్చలు పడతాయి. బోరునీళ్ళతో ఉతికే ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. మచ్చ చూసి బ్లీచ్ పోశారా, ఇంకా ముదురుతుంది. డిష్‌వాష్ లిక్విడ్ రాసి జిడ్డు వదిలించి, ఆ తర్వాత నిమ్మరసమో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళో పోసి కాసేపు ఉంచి జాడించండి. కాటన్ టవలైతే ముందు ఒక మూల పరీక్షించి చూడండి. లేత నీలం ఆకాశం మీద ఈ మచ్చలు బాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. క్రీమ్ రాసుకున్నాక కాసేపు ఆగి పడుకోవడం అన్నిటికన్నా సులువు.

గోడకి తగిలించేవాళ్ళు మేకులు కొట్టకండి, బరువుకి గుడ్డ సాగి విమానం వంకరపోతుంది. వెనక పైఅంచున రెండంగుళాల గుడ్డపట్టీ గొట్టంలా కుట్టించి, అందులో కర్ర దూర్చి రెండు చివరలా వేలాడదీయండి. కిటికీకి ఎదురు గోడ కాకుండా పక్క గోడ చూసుకోండి, ఎండ నేరుగా పడదు.